‘బలమైన మందు’ అను మాటను గూర్చి

వేసవి యంతయు కాగి నెఱ్ఱెలు విచ్చిన మన ముద్దనూరి నల్లరేగడి చేలపై తొలకరి చినుకులు పడగానే ఒక కమ్మని మట్టివాసన లేచును. దానిని ఎఱుగని బాలుడుగాని బాలికగాని మన పాఠశాలలో ఉండరు. అది వట్టి మట్టి వాసన కాదు. నేలలో కోట్లకొలదిగ నివసించు స్ట్రెప్టోమైసీస్ అను సూక్ష్మజీవులు పుట్టించు ఒక పదార్థపు వాసన అది. మన ఆసుపత్రులలో మనుష్యుల ప్రాణములు నిలుపుచున్న ఆంటీబయాటిక్ మందులలో పెక్కు మొట్టమొదట ఈ జాతి జీవులనుండియే లభించినవి. మనము పాదముల క్రింద త్రొక్కు మన్నే మనకు మందుగా వచ్చినదన్నమాట. ఇంతటి వరమును మనము ఎట్లు వాడుకొనుచున్నామో ఈ సంచికలో విచారింపదలచితిమి.

బిడ్డకు ఒడలు కాగిన నాడు మన యిండ్లలో జరుగు పద్ధతి అందఱికిని తెలిసినదే. నాయన మందుల అంగడికి పోయి, “రెండు దినములలో తగ్గవలెను, బలమైన మందు ఇమ్ము” అనును. అంగడివాడు నాలుగు బిళ్ళలు కత్తిరించి యిచ్చును. జ్వరము తగ్గినచో మిగిలిన బిళ్ళలు గూటిలోనికి పోవును. మఱియొక మాసమున మఱియొకరికి జ్వరము వచ్చినపుడు అవియే బయటికి వచ్చును. ఇందులో ఎవరికిని దురుద్దేశము లేదు. ఐనను ఈ ‘బలమైన మందు’ అను మాటలోనే ఒక పెద్ద పొరపాటు దాగియున్నదని మా అభిప్రాయము. ఆంటీబయాటిక్కులలో బలమైనది, బలహీనమైనది అని వరుసగా పేర్చు నిచ్చెన ఏదియు లేదు. రోగమునకు తగిన మందు కలదు. తగని మందు కలదు. అంతియే.

మొదట ఒక సంగతి తేటపడవలెను. మనకు రోగము కలిగించు సూక్ష్మజీవులు అన్నియు ఒక తెగకు చెందినవి కావు. బాక్టీరియా ఒక తెగ. వైరసు వేఱొక తెగ. మలేరియాను కలిగించు పరాన్నజీవి ఇంకొకటి. ఆంటీబయాటిక్కులు పనిచేయునది బాక్టీరియాపై మాత్రమే. పడిశము, సామాన్యమైన దగ్గులలో పెక్కు, డెంగీ జ్వరము, తట్టు, ఆటలమ్మ, ఇవన్నియు వైరసుల వలన వచ్చునవి. వీనికి ఎంత వెలగల ఆంటీబయాటిక్కు మింగినను మేలు కలుగదు. పడిశము మందు వేసినను వేయకున్నను కొలది దినములలో పోవును. మనము మాత్రము మందు పోగొట్టినదని తలంచి దానికి కీర్తి కట్టుదుము.

ఇక బాక్టీరియాపై ఈ మందులు పనిచేయు తీరును చూతము. మనకు కీడు చేయక క్రిమిని మాత్రము చంపవలెనన్నచో, క్రిమికి ఉండి మనకు లేనిదానినైనను, మనదానికి భిన్నముగ ఉన్నదానినైనను పట్టుకొని కొట్టవలెను. బాక్టీరియాను ఒక చిన్న గృహస్థుగా ఊహింపుడు. అతని యింటికి చుట్టును ఒక గోడ కలదు. లోపల మాంసకృత్తులను నేయు మగ్గము కలదు. తనకు వలయు పోషకములను తానే చేసికొను వంటయిల్లు కలదు. వంశపారంపర్యపు లెక్కలన్నియు వ్రాసియున్న దస్తరము కలదు. ఆంటీబయాటిక్కులలో ఒక్కొక్క తెగ ఈ నాలుగింటిలో ఒక్కొక్కదానిపై పడును.

గోడపై పడు మందులలో మొదటిది పెనిసిలిను. 1928లో లండను నగరమున అలెగ్జాండరు ఫ్లెమింగు, తాను పెంచుచున్న బాక్టీరియా పళ్ళెములో బూజు పడిన చోట క్రిములు నశించుట చూచి దీనిని కనుగొనెను. దానిని మందుగా తీర్చినవారు ఆక్స్‌ఫర్డులోని ఫ్లోరీ, చెయిను మొదలగువారు. ఈ ముగ్గురికిని 1945లో నోబెలు బహుమానము లభించెను. బాక్టీరియా తన కణపు గోడను కట్టుకొనుచుండగా పెనిసిలిను ఆ కట్టుడును చెఱచును. గోడ బీటలువాఱి క్రిమి పగిలి చచ్చును. మన శరీర కణములకు అట్టి గోడయే లేదు గనుక, పడనివారిని మినహాయించినచో, మనకు ఇది మిక్కిలి సురక్షితమైన మందు. ఒక జాతి గొంతువాపునకును, న్యుమోనియాలలో కొన్నిటికిని, సవాయి రోగమునకును ఇది తగిన మందు. స్ట్రెప్టోకాకస్ అను క్రిమి వలన కలుగు గొంతునొప్పిని ఉపేక్షించినచో కొందఱు బాలురకు కీళ్ళవాపు జ్వరము వచ్చి, గుండె కవాటములు చెడిపోవును. అట్టి బిడ్డలకు మూడు నాలుగు వారముల కొకసారి చొప్పున ఏండ్ల తరబడి ఇచ్చు సూదిమందు నేటికిని పెనిసిలినే. అమాక్సిసిలిను దీని బంధువు. సెఫలోస్పోరినులు దీని దూరపు జ్ఞాతులు. వీనిలోని సెఫ్ట్రియాక్సోను టైఫాయిడు జ్వరమునకును, మెదడుపొరల వాపునకును సూదిగా ఇయ్యబడును. వాంకోమైసిను అను మందు కూడ గోడ కట్టుడునే వేఱు విధమున ఆపును. పెనిసిలినునకు లొంగని కొన్ని మొండి క్రిములకు దీనిని వాడుదురు. బోర్నియో దీవిలో పనిచేయుచున్న ఒక మిషనరీ పంపిన గుప్పెడు మట్టినుండి 1950 తరువాతి సంవత్సరములలో ఇది లభించెనని మన పాఠకులు తెలిసికొనదగును.

మగ్గమును ఆపు మందులు పెక్కు. వీనిలో స్ట్రెప్టోమైసినును 1943లో అమెరికాలో వాక్సుమను ప్రయోగశాలయందు ఆల్బర్టు షాట్జు మట్టిజీవినుండియే వేఱుచేసెను. క్షయరోగమునకు పనిచేసిన మొదటి ఆంటీబయాటిక్కు ఇదియే. ఇది క్రిమి మగ్గమునకు నేత తప్పులు నేర్పును. తప్పుడు మాంసకృత్తులతో క్రిమి బ్రదుకజాలదు. జెంటామైసిను, అమికాసిను ఈ తెగవే. ఇవి ప్రమాదకరమైన రోగములందు ప్రాణము నిలుపును గాని, కొలత తప్పినచో చెవులను, మూత్రపిండములను చెఱచును. స్ట్రెప్టోమైసిను లేని కాలమున క్షయరోగి యేమి చేసెడివాడో తెలియవలెనన్న మదనపల్లె యొద్దనున్న ఆరోగ్యవరమును తలచుకొనవలెను. పలు మిషనులు కలసి నెలకొల్పిన ఆ ఆరోగ్యాశ్రమములో విశ్రాంతియు, మంచి గాలియు, మంచి తిండియు ముఖ్యమైన మందులుగా ఉండెను. రోగులు మాసముల తరబడి మంచముపై నుండెడివారు. కొందఱు కోలుకొనిరి, కొందఱు తిరిగి రాలేదు. నేడు అదే రోగికి సర్కారు ఉచితముగా ఇచ్చు మందులను ఆఱు మాసములు ఇంటియొద్దనే వాడిన చాలు. ఇంటియొద్ద ఇచ్చు వైద్యము ఆరోగ్యాశ్రమ వైద్యమునకు తీసిపోదని 1956లో మదరాసున ప్రారంభమైన పరిశోధన లోకమునకు నిరూపించెను.

మగ్గపు మందులలో రెండవ తెగతో తెలుగువారి పేరు ముడివడి యున్నది. 1895లో భీమవరమున జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు 1923లో అమెరికాకు పోయి, హార్వర్డులో పనిచేసి, 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరి పరిశోధనలకు అధ్యక్షులైరి. అక్కడ బెంజమిను డగ్గరు అను వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు, డెబ్బదియేండ్లు దాటినవాడు, మిస్సోరీలోని ఒక చేని మట్టినుండి బంగారు వన్నెగల సూక్ష్మజీవిని వేఱుచేయగా, దానినుండి ఆరియోమైసిను లభించెను. 1948లో అది వైద్యలోకమునకు ప్రకటింపబడెను. ఆ సంవత్సరముననే ఆగస్టు మాసమున సుబ్బారావుగారు పరమపదించిరి. టెట్రాసైక్లినుల తెగకు ఆరియోమైసినే పెద్దది. నేడు మనము వాడు డాక్సీసైక్లిను ఈ కుటుంబమునకు చెందినదే. కలరాకును, ప్లేగునకును, స్క్రబ్ టైఫసు అను జ్వరమునకును ఇది ఉపయోగపడును. గర్భిణులకును చిన్నబిడ్డలకును మాత్రము వైద్యుని ఆజ్ఞ లేక దీనిని ఇయ్యరాదు. ఎరిత్రోమైసిను, అజిత్రోమైసిను మగ్గమును మఱియొక చోట పట్టుకొని ఆపును. కోరింత దగ్గునకును, కొన్ని న్యుమోనియాలకును ఇవి తగినవి. 1947లో వెనెజువెలా మట్టినుండి వచ్చిన క్లోరాంఫెనికాలు టైఫాయిడు జ్వరమును మొదటిసారి లొంగదీసినది. ఐనను అరుదుగా అది ఎముకమూలుగను నశింపజేయునని తెలిసి, దానిని ఇపుడు జాగ్రత్తతో వాడుదురు.

వంటయింటిపై పడునవి సల్ఫా మందులు. ఇవి మట్టిజీవులనుండి వచ్చినవి కావు; రసాయనశాలలో పుట్టినవి. 1935లో జర్మనీలో డోమాకు వీనిలో మొదటిదానిని ప్రకటించెను. బాక్టీరియా తనకు వలయు ఫోలిక్ ఆమ్లమును తానే వండుకొనవలెను. మనమో ఆకుకూరలు, పప్పులు తిని దానిని సంపాదించుకొందుము. సల్ఫా మందు ఆ వంటను ఆపును. వండుకొనువాడు నశించును, తెచ్చుకొని తినువానికి కొఱత రాదు. ఇందులో ఒక వింత కలదు. ఈ ఫోలిక్ ఆమ్లమునే ప్రయోగశాలలో తయారుచేసి, రక్తహీనతతో బాధపడువారికి మందుగా అందించినది సుబ్బారావుగారి బృందమే. స్ప్రూ అను వ్యాధి వలన సోదరుని పోగొట్టుకొనిన ఆయనకు, ఆ వ్యాధిలో మేలు చేయు పదార్థమే తన శ్రమకు ఫలముగ లభించినది.

దస్తరముపై పడు మందులు మిగిలినవి. సిప్రోఫ్లాక్సాసిను మొదలగునవి బాక్టీరియా తన జన్యుపత్రమును విప్పి నకలు వ్రాసికొనకుండ చేయును. రిఫాంపిసిను ఆ పత్రమునుండి పనివారికి ఉత్తరువులు పోకుండ ఆపును. క్షయకును కుష్ఠువునకును ఇది ప్రధానమైన మందు. మెట్రోనిడజోలు గాలి సోకని చోట్ల పెరుగు క్రిముల జన్యుపత్రమును చింపివేయును. చీము గడ్డలందును, అమీబా విరేచనములందును దీనిని వాడుదురు.

ఇంతదూరము మాతో వచ్చిన పాఠకులకు ‘బలమైన మందు’ అను మాట ఎందుకు తప్పో ఇపుడు ఒక్క ఉదాహరణముతో చెప్పగలము. స్క్రబ్ టైఫసు మన రాయలసీమలోను కనబడు జ్వరమే. పొదలలోను గడ్డిలోను ఉండు, కంటికి ఆనని పురుగు కుట్టుట వలన ఇది వచ్చును. కుట్టిన చోట కొందఱికి నల్లని చెక్కు కట్టిన పుండు ఏర్పడును. గొఱ్ఱెలు కాయువారికిని, చేలలో కలుపు తీయువారికిని దీని భయము హెచ్చు. దీని క్రిమి మన కణములలోపలనే నివసించును. పెనిసిలిను తెగ మందులు దానిపై పనిచేయవు. కావున ఖరీదైన సెఫ్ట్రియాక్సోను సూదులు వారము దినములు పొడిచినను ఈ జ్వరము తగ్గదు, రోగి విషమించవచ్చును. కొలది రూపాయలకు దొరకు డాక్సీసైక్లిను బిళ్ళ సకాలమున పడినచో పెక్కుమందికి రెండు మూడు దినములలోనే జ్వరము దిగును. ఈ రెండింటిలో ఏది బలమైనది? వెలయు సూదియు బలమునకు గుర్తులు కావు. రోగము పేరు తెలిసికొనుటయే బలము.

తగని మందు వలన రోగికి మాత్రమే నష్టమైనచో మేము ఇంతగా వ్రాయకపోయెడివారము. నష్టము ఊరికంతటికిని కలుగుచున్నది. కోట్లకొలది క్రిములలో ఏ కొన్నిటికో మందును ఎదుర్కొను ఉపాయము స్వభావముననే ఉండును. మందు తగిలినపుడు తక్కినవి చచ్చి, అవి మాత్రము మిగిలి వృద్ధిపొందును. తమ ఉపాయమును ఇతర క్రిములకు కూడ పంచిపెట్టును. అవసరము లేని చోట మందు వాడిన ప్రతిసారియు ఇట్టి క్రిములకు మనము చోటు కల్పించుచున్నాము. టైఫాయిడు చరిత్ర చూడుడు. 1948 మొదలుకొని క్లోరాంఫెనికాలు దానిని అణచెను. 1972లో కేరళమునందలి కాలికట్టున ఆ మందునకు లొంగని టైఫాయిడు వ్యాపించెను. 1990 ప్రాంతమున ఆంపిసిలినునకును, సల్ఫా కూటమికిని కూడ లొంగనిది దేశమున ప్రబలెను. సిప్రోఫ్లాక్సాసిను వచ్చి ఆదుకొనెను. కొలది యేండ్లలో అదియు వమ్మైపోయెను. నేడు సెఫ్ట్రియాక్సోను, అజిత్రోమైసిను మిగిలియున్నవి. పొరుగున పాకిస్తానులోని సింధు రాష్ట్రమున 2016 నుండి సెఫ్ట్రియాక్సోనునకును లొంగని టైఫాయిడు బయలుదేఱినది. ఒక్కొక్క తలుపు మూతపడుచున్న ఇంటిలో మనము కూర్చున్నాము. మందులకు లొంగని బాక్టీరియాల మూలముననే 2019లో ప్రపంచమున సుమారు 12 లక్షల 70 వేలమంది మరణించిరని శాస్త్రజ్ఞులు అంచనా కట్టిరి.

తప్పు రోగిదియు అంగడివానిదియు మాత్రమే కాదు. హైదరాబాదు చెంతనున్న పటాన్‌చెరువులో మందుల కర్మాగారముల మురుగును శుద్ధిచేసి విడిచిన నీటిని స్వీడను దేశపు శాస్త్రజ్ఞులు పరీక్షించి, లీటరునకు 31 మిల్లీగ్రాముల వఱకు సిప్రోఫ్లాక్సాసిను ఉన్నట్లు 2007లో ప్రకటించిరి. మందు మింగిన మనిషి నెత్తురులోనికంటె ఆ నీటిలోనే మందు హెచ్చుగా నుండెను. వాగులలోని క్రిములకు మనమే పాఠశాల తెఱచినట్లయినది. కోళ్ళకును పశువులకును బరువు పెరుగుటకై ఈ మందులను మేతలో కలుపుటయు ఇట్టిదే. మనుష్యులకు కడపటి ఆశగానున్న కొలిస్టిను అను మందును మేతలో కలుపరాదని 2019లో భారత ప్రభుత్వము నిషేధించినది.

ఇక్కడ ఒక ఆక్షేపణ వినబడును. “మీరు చెప్పునది బాగుగనే యున్నది. కాని దినకూలి చేసికొనువాడు ఆసుపత్రికి పోయిన ఒకనాటి కూలి పోవును, బస్సు వెచ్చము తగులును, వరుసలో నిలువవలెను. అంగడిలో కొద్ది రూపాయలతో పని తీరును. వానిని తప్పు పట్టుట న్యాయమా?” అని. ఈ మాటలో నిజము కలదు. మేము దానిని త్రోసిపుచ్చము. పేదవాడు అంగడికి పోవుట అవివేకము వలన కాదు, అవసరము వలన. కావున వైద్యుడు అందుబాటులో నుండుటయు, రక్తపరీక్ష దగ్గఱ దొరకుటయు, రోగితో అతని భాషలో నాలుగు మాటలు చెప్పుటయు సర్కారునకును వైద్యులకును విధి. జమ్మలమడుగున లండను మిషనువారు కాంబెలు ఆసుపత్రిని నెలకొల్పినది ఈ ప్రాంతపు పేదలకు వైద్యము చేరువ చేయుటకే. ఐనను ఆ పేదవాడే, మందులు పనిచేయని నాడు అందఱికంటె ముందుగా నష్టపోవువాడు. ధనవంతుడు కడపటి మందును వేలకొలది రూపాయలు పోసి కొనగలడు. కూలివానికి చౌకగా దొరకునవి పాత మందులే. అవి వమ్మైన పిదప వానికి ఏమి మిగులును? కావున పాత మందులను కాపాడుట పేదవాని ఆస్తిని కాపాడుటయే.

ఊరి చెఱువును మనము ఎఱుగుదుము. వాన తక్కువైన మన సీమలో చెఱువు నీరు అందఱి సొమ్ము. ఒకడు తన చేనికై వేళగాని వేళ తూము ఎత్తినచో అతని పైరు ఆ దినమున తడియును. వేసవిలో ఊరంతయు దాహముతో నుండును. ఆంటీబయాటిక్కులును అట్టి చెఱువే. ఎవరి బిళ్ళ వారు కొనుకొన్నను, దాని శక్తి మాత్రము అందఱి ఉమ్మడి ఆస్తి.

అందువలన మా సలహాలు ఇవి. తల్లిదండ్రులారా, మందు కొనుటకు ముందు వైద్యుని మూడు ప్రశ్నలు అడుగుడు: ఇది ఏ రోగము? దీనికి ఆంటీబయాటిక్కు నిజముగ అవసరమా? ఎన్ని దినములు వాడవలెను? వైద్యుడు చెప్పినన్ని దినములు వాడుడు. ఒంట్లో తేలికయైనదని మీయంతట మీరు మానవద్దు, భయపడి మీయంతట మీరు పొడిగింపవద్దు. మిగిలిన బిళ్ళలు దాచవద్దు. ఒకరి చీటిపై ఇంకొకరు మందు కొనవద్దు. వైద్యుడు “దీనికి ఆంటీబయాటిక్కు వద్దు” అనినచో, ఆయనకు పని తెలియదని వేఱొకరి యొద్దకు పోవద్దు. తెలిసినందుననే ఆయన అట్లనెను. మందుల అంగళ్ళవారికి మా మనవి యేమనగా, చీటి లేనిదే అమ్మరాని మందులు కలవని చట్టము మీకు తెలియును. 2013లో ప్రత్యేక పట్టికలో చేర్చిన ఆంటీబయాటిక్కులను కొనువాని పేరు, వైద్యుని పేరు పుస్తకమున వ్రాసి అమ్మవలెను. మందుపట్టీపై నిలువుగా గీసిన ఎఱ్ఱగీతకు అర్థము అదియే: వైద్యుని చీటి లేక వాడరాదని.

విద్యార్థులారా, మీకు ప్రత్యేకముగ ఒక పని అప్పగించుచున్నాము. మీ యింటిలో చదువురాని అవ్వయో తాతయో ఉండవచ్చును. మందుపట్టీపైనున్న ఎఱ్ఱగీతను వారికి చూపుడు. చీటిని చదివి వినిపింపుడు. ఎన్ని పూటలు మిగిలియున్నవో లెక్కపెట్టుడు. రోగమే రాకుండ చేయుట మందుకంటె మేలు గనుక, భోజనమునకు ముందు సబ్బుతో చేతులు కడుగుకొనుట, కాచిన నీరు త్రాగుట, టీకాలు వేయించుకొనుట మఱవకుడు. హైదరాబాదులో తయారైన నూతన టైఫాయిడు టీకా నేడు అనేక దేశముల బిడ్డలను కాపాడుచున్నది. టీకా వేసికొనిన బిడ్డకు టైఫాయిడు వచ్చుటయే అరుదు; రాని జ్వరమునకు మందుతో పనియే లేదు గదా.

పెనిసిలిను అంగళ్ళలో ఎవరు పడితే వారు కొనుకొను కాలము వచ్చునని, చాలీచాలనంత వాడి క్రిములకు మొండితనము నేర్పుదురని 1945లో తన నోబెలు ఉపన్యాసమునందే ఫ్లెమింగు హెచ్చరించెను. ఆ కాలము వచ్చియే యున్నది. మన గ్రంథమునందలి తలాంతుల ఉపమానమును ఎఱిగిన మనము, అప్పగింపబడినదానికి లెక్క చెప్పవలసిన దినము ఒకటి ఉండునని ఎఱుగుదుము. ఈ మందులు మనకు ముందుతరమువారు అప్పగించినవి. మనము కనుగొన్నవి కావు. మఱుసటి తొలకరికి మట్టివాసన మన ముక్కుపుటములను తాకినపుడు ఈ సంగతిని ఒక్కసారి తలచుకొందుము గాక. నేల ఇచ్చిన మందు మన మనుమలకును పనిచేయుచుండవలెనని మా కోరిక.